జనగామ అవ్వా, జనగామ!

చదువుకున్న రోజులు తలచుకుంటే మనసు తేలికవుతుందని చాలామంది రాస్తుంటారు. నాకు మాత్రం బీపీ పెరుగుతుంది (ఊరికే అనడం లేదు, యంత్రం నా దగ్గరే ఉంటుంది, చూసుకున్నాను). నర్సింగు చదివిన కాలంలో నన్ను ఎవరు ఏ మాట అన్నారో, ఏ వరండాలో అన్నారో, పక్కన నిలబడి ఎవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఎముకల పేర్లు కొన్ని మర్చిపోయాను గానీ ఇవి మర్చిపోలేదు. హాస్టల్లో నా వంతు వచ్చేసరికి పప్పులో నీళ్లు కలిపే వంటామె ముఖం కూడా అలాగే గుర్తుంది. ఇప్పుడు నేను పనిచేసే భూపాలపల్లిలో కొత్తగా చేరిన పిల్లలకు ‘ఆ అక్కతోని పెట్టుకోకుండ్రి’ అని ముందే చెబుతారట. అది ఎవరు చెబుతారో కూడా నాకు తెలుసు.

మాది గూడూరు దగ్గర తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం, తెలుగు బడిలో వచ్చింది. జనగామలో నర్సింగు సీటు రాగానే మా బాపు ఊరంతా చెప్పుకున్నాడు. అక్కడ మాకు క్లాసులోనూ వార్డులోనూ పాఠం చెప్పే మేడం కోస్తా నుంచి వచ్చింది. రోగాల కంటే ముందు మా తెలుగును నయం చేయాలని ఆమె పట్టుదల. “దవాఖాన ఏమిటమ్మా, దవాఖాన? నోరారా ఆసుపత్రి అనలేరూ?” అనేది. జనగామ పిల్లల తెలుగుకు మేడం నవ్వేది, నా తెలుగుకు జనగామ పిల్లలు నవ్వేవారు. అంటే నేను రెండంతస్తుల కింద ఉన్నానన్నమాట. ఒకసారి వరండాలో మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే మేడం ఆగి, “ఏంటమ్మా, ఇంట్లో ఏదైనా గొడవా?” అని అడిగింది. అమ్మ ఆరోజు అన్నం తిన్నావా అని అడుగుతోంది, అంతే. ఆ తర్వాత వార్డులో ఇంటి భాష వినపడకూడదని ఒక నియమం పుట్టింది. క్లాసులో ఇంటి భాష వేరే ఉన్నది నాకొక్కదానికే కాబట్టి ఆ నియమం ఎవరి కోసమో వేరే చెప్పక్కర్లేదు.

రెండో ఏడాది మమ్మల్ని ఎముకల వార్డుకు పంపారు. అక్కడికి రఘునాథపల్లి వైపు తండా నుంచి ఒక అవ్వ వచ్చింది. జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యేదాకా కాలు కదలకుండా పాదం నుంచి పైదాకా కట్టు చుట్టి, మంచం చివర బరువు వేలాడదీస్తారు. ఆ ఉదయం ఆ కట్టు విప్పి, మళ్లీ ఎలా చుట్టాలో మేడం స్వయంగా మాకు చేసి చూపించింది. అవ్వ వెంట ఉన్న కోడలు మేకలను ఎవరికైనా అప్పజెప్పి సాయంత్రానికి వస్తానని ఊరికి పోయింది. అవ్వను నా స్నేహితురాలికి అప్పగించారు. ఈమె జనగామలో బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి, మేము షావుకారి అనేవాళ్లం. నాది పక్క మంచం.

మేడం అటు వెళ్లిందో లేదో అవ్వ మొదలుపెట్టింది. “యాడీ... యాడీయే...”

షావుకారి ప్రేమగా వంగి, “జనగామ అవ్వా, జనగామ దవాఖాన” అంది.

“యాడీ!”

“జనగామ అవ్వా, జనగామ! పరేషాన్ కాకు.”

మా భాషలో యాడి అంటే అమ్మ. షావుకారికి మాత్రం ‘యాడ’ (ఎక్కడ) అని వినపడింది, ఏ ఊర్లో ఉన్నానని అవ్వ అడుగుతోందనుకుంది. నేను చెప్పేలోపే మేడం వచ్చేసింది, విన్నది, ముఖం వెలిగిపోయింది. తాను ఎక్కడ ఉన్నదీ రోగికి తెలియకపోవడం గురించి ముందురోజే పాఠం అయింది. పాఠం చెప్పిన మర్నాడే ఆ లక్షణం ఎదురుగా వచ్చి పడుకుంటే ఏ టీచరుకు సంతోషం కాదు? “చూశారా! స్థలం తెలియడం లేదు. మాటిమాటికీ గుర్తు చేస్తూ ఉండాలి. రేపు ప్రిన్సిపాల్ గారి ముందు ఈ కేసే చెప్పాలి” అంది. ఒక అట్టముక్క మీద ‘ఇది జనగామ’ అని పెద్ద అక్షరాలతో రాయించి అవ్వ కాళ్ల దగ్గర కట్టించింది (అవ్వకు చదువు రాదు). ఇక వార్డంతా ఉత్సాహంగా ఈ చికిత్సలో చేరింది. ఆమె ‘యాడీ’ అన్నప్పుడల్లా నాలుగు మూలల నుంచి ‘జనగామ’ అని కేకలు. చేయి విరిగి చేరినామె, డోర్నకల్ రైల్వే ఆయన భార్య, అయితే “జనగామ టేషన్ ఎప్పుడో అచ్చింది, దిగు అవ్వా!” అంది. అందరూ నవ్వారు. అవ్వ ఏడుస్తోంది.

“మేడం, యాడి అంటే మా భాషల అమ్మ. ఆమెకు నొప్పయితాంది” అన్నాను.

“నీ పేషెంటా ఆవిడ?”

“కాదు మేడం.”

“మరి నీ బెడ్ చూసుకో. అయినా అంత పెద్దావిడకు తల్లి ఉంటుందా? ఎప్పుడో పోయిన తల్లిని పిలుస్తోందంటే మనుషులు కూడా తెలియడం లేదన్నమాట. అది కూడా రాసుకోమ్మా” అంది షావుకారితో.

నేను నా బెడ్ వదిలి ముందుకు వచ్చాను. “మీ కాలుకు ముల్లిరిగితే మీరు అమ్మా అనరా మేడం? అప్పుడు మీకు సోయి లేనట్టేనా?”

మేడం షావుకారి వైపు తిరిగింది. “సోయి అంటే ఏమిటి?”

“తెలివి మేడం” అంది షావుకారి.

“నాకు తెలివి లేదంటోందా!”

నన్ను దుప్పట్లు మడతపెట్టే గదికి పంపేశారు. అక్కడ నేను ఎన్ని దుప్పట్లు ఎంత కోపంగా మడతపెట్టానో ఆ దుప్పట్లకే తెలియాలి. మేడం భోజనానికి వెళ్లడం కిటికీలోంచి చూసి తిన్నగా అవ్వ దగ్గరకు పోయాను. “యాడీ, ఎక్కడ నొప్పి?” అని మా భాషలో అడిగాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని, పాదం మంటలో పెట్టినట్టుందని చెప్పింది. అట్టముక్క పక్కకు తీస్తే కాలి వేళ్లు కనపడ్డాయి. నీలంగా, ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పొద్దుటి నుంచి ఊరి పేరు ఆ వేళ్ల మీద వేలాడుతూ ఉండడంతో వాటిని ఎవరూ చూడలేదు.

వార్డు చూసుకునే పెద్ద సిస్టర్‌ను పరుగున పిలుచుకొచ్చాను. “గింత బిగ్గ ఎవరు కట్టిండ్రే?” అంటూ ఆమె కట్టు విప్పి, డాక్టరును పిలిపించింది. వేళ్లకు కొద్దికొద్దిగా రంగు తిరిగింది గానీ మడమ దగ్గర చర్మం అప్పటికే కమిలిపోయింది. నొప్పి తగ్గి అవ్వకు కునుకు పట్టింది. భోజనం చేసి వచ్చిన మేడం ఆమెను చూసి, “చూశారా, గుర్తు చేస్తూ ఉంటే ఎంత ప్రశాంతంగా ఉందో!” అంది.

మర్నాడు ప్రిన్సిపాల్ ముందు షావుకారి అదే చదివింది. నేను లేచి, “కట్టు ఇప్పినంక ఊకున్నది సార్. మేడం బిగ్గ కట్టింది” అన్నాను. క్షమాపణ చెప్పమన్నారు, చెప్పలేదు. దాంతో అందరూ బతుకమ్మ సెలవులకు ఇళ్లకు పోతే నన్ను మళ్లీ అదే వార్డులో వేశారు. పోయేముందు షావుకారి, “నేను చెప్దామనే అనుకున్ననే, మేడం నా దిక్కే చూస్తుండె” అంది. వాళ్లింటి నుంచి వచ్చిన మురుకులు ఇక ముట్టనన్నాను (ఆమె ఊరికి పోయాక డబ్బా ఖాళీ చేశాను, అది వేరే సంగతి).

సెలవుల్లో వార్డులో ఆనాటి వాళ్లలో మిగిలింది నేనూ అవ్వా. కోడలు వచ్చి కాసేపు కూర్చుని మళ్లీ మేకల దగ్గరకు పోయేది. మడమ పుండు నల్లబడింది, జ్వరం వస్తూ పోతూ ఉంది, ఆపరేషన్ వాయిదా పడుతూనే ఉంది. నేను పుండు కడుగుతుంటే అవ్వ అడిగింది (మా భాషలో అన్నది తెలుగులో రాస్తున్నాను): “గానాడు అందరు జనగామ జనగామ అని ఒర్రిండ్రు ఎందుకు బిడ్డా? జనగామ నాకెర్క లేదా? ఈ పిల్లల తల్లులు పుట్టకముందు సంది మిర్చి అమ్మనీకి వస్తున్న. నొప్పికి నా నోట తెలుగు రాకపాయె గని.” విషయం చెప్పాను. పుండు అదిరి నొప్పి పెట్టేదాకా అవ్వ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఆ మేడం సెలవుల నుంచి రాగానే తానే మాట్లాడతానంది. మామూలు తెలుగులో కాదు, మేడం తెలుగులోనే. నన్ను నేర్పమంది.

“ఏమండీ, మీరు నా మాట వినలేదండీ.” నేర్పిన వాక్యం ఇది. పళ్లు లేని నోట్లో ‘అండీ’ నిలబడేది కాదు. రోజూ కట్టు మార్చేటప్పుడు అభ్యాసం చేసేది. ‘ఏమండీ’ దగ్గర కనుబొమలు పైకెత్తాలని నేను చెప్పకుండానే కనిపెట్టింది. “బాగచ్చిందా?” అనేది. “ఇంకా జర కోపం గావాలె యాడీ” అనేదాన్ని. “నీకున్నంత కోపం నాకేడిది బిడ్డా? గిట్ల కొట్లాడితే నీకు మొగుడు దొరకడు” అనేది. (దొరికాడు. ఆయనది వేరే కథ.)

జ్వరం ఎక్కువై సెలవుల ఆఖరి రోజు పొద్దున అవ్వ పోయింది. డాక్టరు వయసు అన్నాడు, షుగరు అన్నాడు. నేను కట్టు అన్నాను, ఎవరూ వినలేదు. మర్నాడు మేడం వచ్చి, కొత్త దుప్పటి పరిచిన మంచం చూసి, “అయ్యో, ఆ స్థలం తెలియని అవ్వ కదూ? పాపం” అంది. వాక్యం నా నోటిదాకా వచ్చింది. కానీ అది నాది కాదు, అవ్వది. అన్నేసి రోజులు ఆమె నేర్చుకున్న మాటను నేను అనేస్తే దొంగిలించినట్టు అనిపించింది. ఎవరి ముందైనా ఎప్పుడైనా నోరు మూసుకున్నానంటే ఆ ఒక్కసారే.

తర్వాత ఎంతోమందిని ఎన్నో అన్నాను. సూపరింటెండెంట్‌ను కూడా వదల్లేదు. ఆ మాట మాత్రం ఇంకా ఎవరినీ అనలేదు. ఒక్కోసారి భూపాలపల్లి వార్డులో పని తీరిన మధ్యాహ్నం చేతులు కడుక్కుంటూ అద్దంలో కనుబొమలు పైకెత్తి “ఏమండీ” అని చూస్తాను. అవ్వ అన్నంత బాగా ఇప్పటికీ రాదు.