ఆ రాత్రి పడుకున్న ఊరు

పోయిన నెల మా ఆవిడ చనిపోయింది. ఇక్కడే, సౌదీలోని హాయిల్‌లో.

ఆ రోజు పొద్దున మేం సామాను కడుతున్నాం. గోధుమ పొలాల కంపెనీలో స్టోర్స్ చూసే ఉద్యోగం నాది. అది పూర్తయింది. ఇద్దరికీ ఫైనల్ ఎగ్జిట్ వీసా వచ్చింది. ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోయేవాళ్ళకు ఇచ్చేది అది. ప్రొద్దుటూరుకు వెళ్ళాలి. గిన్నెలూ బట్టలూ అట్టపెట్టెల్లో సర్దేశాం. కార్గోకు వేయవలసిన వాటిలో పరుపు ఒక్కటే మిగిలింది. చుట్టి తాడు వేశాం.

"గట్టిగా లాగప్పా. కూడు తినలేదా?" అంది.

లాగాను. ఆమె ముడి వేసి, ఒక పెట్టె మీద కూర్చుని, ఎడమ భుజం పట్టుకుంది. నీళ్ళడిగింది. గ్లాసుతో వచ్చేసరికి ఒళ్ళంతా చెమటతో గోడకు ఆనుకుని ఉంది. కింది వాటాలో ఉండే హైదరాబాద్ భాయ్ కారు తీశాడు. ఆసుపత్రిలో నన్ను తలుపు బయట నిలబెట్టారు. సాయంత్రం చదివే అసర్ నమాజుకు ముందు ఒక డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు. అర్థమైందా అని రెండోసారి అడిగాడు. అర్థమైందన్నాను.

తర్వాత ఒక గుమాస్తా కాగితాలు పట్టుకొచ్చాడు. "ఇక్కడేనా, ఇండియాకా?" అని అరబ్బీలో అడిగాడు. ఖననం గురించి. ఇక్కడే అన్నాను. ఆలోచించి చెప్పిన జవాబు కాదు. ఆమె ఎప్పుడో చెప్పి ఉంచిన మాట నా నోటికి వచ్చింది. ఆమె ఆ మాట ఎందుకు చెప్పిందో మీకు తెలియాలంటే, వాళ్ళ నాయనకు జేజి, అంటే నాయనమ్మ, అయిన ఒక మనిషి గురించి రాయాలి. ఆ మనిషిని మా ఆవిడ చూడలేదు. ఎవరూ ఫోటో తీయలేదు. కానీ ఇక్కడున్న చివరి సంవత్సరాలన్నీ ఆమె కోసమే వెతికింది.

మేం దూదేకుల వాళ్ళం. పత్తి ఏకి పరుపులు కుట్టిన కులం. మసీదుకు వెళతాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. హైదరాబాద్ భాయ్‌కి ఇది ఎప్పుడూ వేళాకోళమే. మా ఆవిడ మెట్ల మీద కనిపిస్తే చాలు, "ఏంది ఆపా, ఉర్దూ రాకపాయె. నమాజ్ అరబ్బీల, లొల్లి తెలుగులనా?" అనేవాడు.

"మీ నవాబులు పండుకున్న పరుపుల్లో దూది ఏకింది మా జేజి వాళ్ళే అన్నా. ఆ పరుపులు ఉర్దూ అడిగినాయా?" అనేది మా ఆవిడ.

ఆయన నవ్వి దండం పెట్టేవాడు. మరుసటి రోజు మళ్ళీ అదే మాట. ఇద్దరికీ విసుగు పుట్టలేదు.

పరుపు సంగతి నిజం. మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె బట్టల పెట్టె కంటే పరుపు పెద్దది. స్పాంజి మీద నిద్రపట్టదని ప్రొద్దుటూరు నుంచి విమానంలో తెచ్చింది. కస్టమ్స్ అతను దాన్ని పది చోట్ల నొక్కి చూసి, ఇదేమిటని అడిగాడు. ఆమె తెలుగులోనే "దూది" అంది. అతను ఇంకోసారి నొక్కి పంపించాడు. హాయిల్‌లో చలికాలం గట్టిగా ఉంటుంది. ఆ పరుపు మీద మేం వెచ్చగానే పడుకున్నాం. ప్రతి శుక్రవారం పొద్దున ఇద్దరం చెరో కొస పట్టుకుని మిద్దె మీదికి మోసేవాళ్ళం. ఆమె కర్రతో కొట్టేది. నేను పిట్టగోడ మీద కూర్చుని టీ తాగేవాణ్ణి.

మాకు పిల్లలు లేరు. ఆ విషయం మాట్లాడడం ఎప్పుడో మానేశాం. ఒకరోజు మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు కూర్చుని తెల్లదొరల కాలం నాటి జనాభా లెక్కల పుస్తకం ఒకటి తెరిచింది. పెళ్ళికి ముందు బడిలో సోషల్ చెప్పింది కాబట్టి అలాంటివి ఆమెకు కొత్త కాదు. ఏం చూస్తున్నావని అడిగాను.

"మనకు కిందికి ఎవరూ లేరు గదా. పైకి చూస్తాండా" అంది.

వాళ్ళ నాయన జేజి పేరు అందులో దొరుకుతుందనుకుంది. మొగుడి పేరు, పిల్లల పేర్లు, ఏ ఊరు, ఏ ఇల్లు, అన్నీ ఉంటాయనుకుంది. చాలా పుస్తకాలు చూశాక తెలిసింది, మన దగ్గర ఇంటింటికీ తిరిగి రాసుకున్న కాగితాలు లెక్క తేలాక ఉంచరని. మిగిలేవి మొత్తాలే. తాలూకాలో ఇంతమంది మగవాళ్ళు, ఇంతమంది ఆడవాళ్ళు, ఈ కులం వాళ్ళు ఇందరు. పేర్లు ఉండవు. ఆ రోజు ఆమె వంట చేయలేదు. బయటి నుంచి ఖుబూస్ రొట్టెలు తెచ్చి పెరుగుతో తిన్నాం.

మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పుస్తకాల్లో అంకెలు వదిలేసి, లెక్క ఎలా తీశారో రాసిన పేజీలు చదివింది. ఇంకోవైపు ఫోన్లు. జమ్మలమడుగులో వాళ్ళ నాయనకు అక్క ఒకామె ఉండేది. చాలా ముసలామె. స్పీకరు పెట్టి మాట్లాడేది కాబట్టి నాకూ వినపడేది.

"జేజికి ఎంతమంది పిల్లోళ్ళు అత్తా?"

"బతికినోళ్ళా, పుట్టినోళ్ళా?"

"పుట్టినోళ్ళు."

"అట్లయితే నాకు దెలీదు. ఆమెకే దెల్సో లేదో. బతికినోళ్ళయితే ముగ్గురు. పెద్దోడు పులివెందల తట్టు పుట్నాడు. రెండోది ఎర్రగుంట్ల కాడ. మా నాయన, అదే మీ అబ్బ, యాడ పుట్నాడో ఆ దేవుడికే ఎరుక."

అలా ఒక సంసారం మెల్లగా కనిపించింది. జేజికీ ఆమె మొగుడికీ ఒక ఊరు లేదు. ఆయన భుజాన దూది ఏకే విల్లు, ఆమె నెత్తిన మూట, చంకలో బిడ్డ. పెళ్ళి ఉన్న ఇంటికి కబురు తెలిసి వెళ్ళేవాళ్ళు. ఆ ఇంటి పశువుల కొట్టంలో దిగేవాళ్ళు. ఆయన ఏకితే ఆమె నింపి కుట్టేది. పరుపులయ్యాక ఇంకో ఊరు. సొంతానికి పరుపు ఉండేదా అని మా ఆవిడ అడిగింది. "ఏం పరుపమ్మా, గోతాం" అంది అత్త.

ఇంకొకటి కూడా చెప్పింది. ముద్దనూరు దగ్గర ఏదో ఊళ్ళో ఒక ఆడబిడ్డ జ్వరంతో పోయిందట. దారి పక్కన పాతిపెట్టి, మరుసటి రోజే కదిలారట.

"పొద్దున్నే విల్లు భుజాన ఏసుకోని పోయినారు. ఏం జేస్తారు, ముందూర్లో పెండ్లి."

"జేజి మళ్ళ ఎప్పుడన్నా ఆ ఊరికి పోయిందా అత్తా?"

"పోకుండా? ఏడాదికొక తూరి పోతాండె. ఆ ఊర్లో పని లేకపోయినా సరే, మొగుడు తిట్టినా సరే, ఒక రాత్రి ఆడ పండుకోని వస్తాండె."

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది.

ఇక జనాభా లెక్కల రాత్రి కథ, ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాయన చెప్పిందే. అప్పట్లో నెలల తరబడి లెక్క తీసినా, ఒక్క రాత్రి దేశమంతా సరిచూసేవాళ్ళు. ఆ రాత్రి ఎవరు ఎక్కడ దొరికితే అక్కడి లెక్కలో వేసేవాళ్ళు. సత్రంలో వాళ్ళు, పడవల్లో వాళ్ళు, చెట్ల కింద వాళ్ళు, అందరినీ. మా ఆవిడ పుస్తకాల్లో చదివిన పద్ధతి ఇదే. ఆ రాత్రికి జేజి వాళ్ళు ఎవరిదో కొట్టంలో ఉన్నారు. ఆ సాయంత్రమే ఆమెకు కొడుకు పుట్టాడు. లాంతరు పట్టుకుని కరణం వచ్చాడు. పేరు రాస్తే పన్ను కట్టమంటారని ఆమె మొగుడికి భయం.

"మేం ఈ ఊరోళ్ళం గాదు సామీ. మమ్మల్ని రాయద్దండి" అన్నాడట.

"ఈ పొద్దు ఈడ పండుకున్నోళ్ళందరూ ఈ ఊరోళ్ళేరా" అన్నాడట కరణం. పసివాడికి ఇంకా పేరు లేదు. బిడ్డ అని రాసుకుపోయాడు. ఆ బిడ్డే మా ఆవిడకు తాత.

అది ఏ ఊరో కనిపెట్టాలన్నదే ఆమె పట్టుదల. జమ్మలమడుగు అత్తను అడిగింది, మ్యాపులు చూసింది. నాకు సెలవు దొరికి మేం ఇంటికి వెళ్ళినప్పుడు రెండు ఊళ్ళు తిరిగి వచ్చింది. దొరకలేదు. చివరికి ఆ బాధ కూడా పోయింది. "యాదో ఒక ఊరు. ఆ రాత్రికి ఆ ఊరోళ్ళే గదా, సాల్లే" అంది.

కానీ ఆ లెక్క పిచ్చి మిగిలింది. బస్సులో, పెళ్ళి హాల్లో, మదీనాలో హోటల్ లాబీలో, ఎక్కడ కూర్చున్నా అదే ప్రశ్న. "ఇదో, ఇప్పుడు లాంతరు పట్టుకోని ఎవరన్నా వస్తే మనం ఏ ఊరోళ్ళం?" ఒకసారి విమానంలో అడిగింది. దిగిన ఊరి వాళ్ళమన్నాను. దిగేదాకా ఎవరం అంది. నిద్రపో అన్నాను.

పోయిన చలికాలం మిద్దె మీద పరుపు కొడుతూ అంది.

"ఇదో, నాకేమన్నా అయితే విమానం ఎక్కించద్దు. ఆ పొద్దు యాడ పండుకుంటే ఆడే."

"మరి నాకైతే?"

"నిన్ను తోలుకపోతాలే. ఈడ ఉప్పు జాలదని మట్టిలో గూడ గొణుగుతాంటావు."

నవ్వుతూనే అంది. దుమ్ము లేచి నా టీలో పడింది. ఆ మాట అక్కడితో అయిపోయింది.

ఆమె పోయిన మరుసటి రోజు, మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత, చనిపోయినవాళ్ళ కోసం చదివే జనాజా నమాజు జరిగింది. ఆ మసీదులో నాకు తెలిసినవాళ్ళు కొద్దిమంది. మోసినవాళ్ళు మాత్రం చాలామంది. ఒకరి భుజం మీంచి ఒకరు అందుకుంటూ నడిచారు. ఎవరని ఎవరూ అడగలేదు. ఇక్కడ సమాధుల మీద పేరు రాయరు. తల దగ్గర ఒక రాయి. వరస గుర్తుపెట్టుకుని వచ్చాను.

ఆ సాయంత్రం మా బామ్మర్దికి ఫోన్ చేశాను. ఆమెకు తమ్ముడు అతనొక్కడే. చావు కబురు ముందు రోజే అందింది, శవం వస్తుందనే అనుకున్నాడు.

"ఏం బావా, అక్కను ఆడ పెట్టేసినావా? అమ్మ పక్కన తావు పెట్టినాం గదా!"

అక్క చెప్పిందన్నాను. మిద్దె మీద మాట చెప్పాను.

"నవ్వులాటకు అన్న మాట పట్టుకోని చేస్తావా బావా?"

అది నవ్వులాటో కాదో చెప్పగలిగిన మనిషి ఆమే.

తర్వాత రోజుల్లో ఏం చేశానో పెద్దగా గుర్తులేదు. భాయ్ భార్య అన్నం పంపేది. గిన్నె కడిగి పంపేవాణ్ణి. మనుషులు మాట్లాడితే వినపడేది. ఏడుపు రాలేదు. పెట్టెల మధ్య ఇంటివాళ్ళ స్పాంజి మీద పడుకున్నాను. తాడు కట్టిన పరుపు గోడకు ఆనించే ఉంది. ఆ ముడి ఆమె వేసింది. ఎగ్జిట్ గడువు నడుస్తోంది. కార్గో అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. రేపు చెప్తానన్నాను.

మొన్న బామ్మర్ది మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

"టికెట్ ఎప్పటికి బావా?"

"చూస్తాండా."

"నువ్వు గూడ వచ్చేస్తే ఆడ అక్క దగ్గరికి ఎవురు పోతారు?"

నాకు జమ్మలమడుగు అత్త గొంతు వినిపించింది. పని లేకపోయినా సరే, మొగుడు తిట్టినా సరే. జేజి నడిచి వెళ్ళగలిగింది. ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళినవాడు ఏడాదికొక రాత్రి వచ్చి పడుకోవడం అంత తేలిక కాదు.

నిన్న ఆఫీసుకు వెళ్ళాను. మా ముదీర్, అంటే మేనేజరు, సౌదీ మనిషి, నాకంటే చిన్నవాడు. గడువు లోపల అయితే ఎగ్జిట్ రద్దు చేయించవచ్చన్నాడు. స్టోర్స్‌లో కొత్త మనిషి ఇంకా కుదరలేదన్నాడు. ఊళ్ళో నీకెవరూ లేరా అని అడిగాడు. ఉన్నారు, ఇక్కడా ఉన్నారు అన్నాను. ఆయన బల్ల వైపు చూసి తలూపాడు. ఆదివారం వచ్చి సంతకం పెట్టమన్నాడు. బామ్మర్దికి చెప్పాను. "సరే బావా" అన్నాడు. తర్వాత, "అన్నం తింటాండావా?" అన్నాడు.

ఈ సాయంత్రం కార్గో అతనికి రావద్దని చెప్పేశాను.

రేపు శుక్రవారం. పొద్దున్నే లేచి తాడు విప్పి, పరుపు మిద్దె మీద ఎండలో వేస్తాను. చుట్టి భుజాన వేసుకుంటే ఒక్కడినే మోయగలను.