మేష్ట్రు ఇవ్వని క్యాసెట్

“మేష్ట్రు ప్రభువులో నిద్రించినారప్పా” అని ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను హాల్లో మోకాళ్ల మీద కూర్చుని, కొత్త స్పీకర్లను గోడ నుంచి ఇంకో జానెడు ముందుకు జరుపుతున్నాను. ఫోన్ పెట్టేశాక నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆ క్యాసెట్ తెస్తానని ఎన్నిసార్లు చెప్పారు! ఇప్పుడు ఎవరిని అడగాలి? రాసుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం అదే.

మేష్ట్రు అంటే మాస్టారు, మా చర్చిలో క్వయిరుకు పాటలు నేర్పేవారు. పొద్దున బస్సెక్కి కురుగోడు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి, సాయంత్రం బళ్లారికి తిరిగొచ్చి మాకు పాట నేర్పేవారు. రిటైరయ్యాక బస్సు మానేశారు గానీ పాట మానలేదు. చొక్కా జేబులో కాగితం పొట్లంలో లవంగాలుండేవి. పాడే ముందు అందరికీ ఒక్కొక్కటి పంచి, తానూ ఒకటి బుగ్గన పెట్టుకునేవారు. ఎవరినీ కసిరింది లేదు. ఎవరైనా శ్రుతి తప్పితే హార్మోనియం ఆపి, “ఇంగొకసారి చూద్దామప్పా, నేనే సరిగ్గా వాయించల్యా” అనేవారు. ఆయన వాయించడంలో తప్పుండదని మాకందరికీ తెలుసు.

ప్రాక్టీసులో హార్మోనియం ఆయనదే. ఆరాధన రోజు మాత్రం దాన్ని ఇంకొకరికి అప్పగించి మా వరుసలోకి వచ్చేవారు. “నువ్వు ఈడ నిలబడప్పా, నా పక్కన” అని నన్ను పిలిచేవారు. ముప్పై ఏళ్లు నా చోటు అదే. పాట మధ్యలో నా మోచేయి మెల్లగా నొక్కేవారు. మెచ్చుకుంటున్నారనుకుని నేను ఇంకాస్త గొంతు పెంచేవాణ్ణి.

ఒక క్రిస్మస్‌కు పాటలో రెండో చరణం నా ఒక్కడికే ఇచ్చారు. ఆ రోజు పాస్టరుగారి బంధువు ఒకాయన రెండు మైకులు పెట్టి మా పాటను రికార్డు చేశాడు. చర్చిలో ఉన్న పాత టేప్‌రికార్డర్లో వేసి వింటే అందరూ “ఏం గొంతప్పా నీది!” అన్నారు. ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే. అది మేష్ట్రు బీరువాలో ఉండిపోయింది. నేను జీన్స్ కుట్టే యూనిట్ నడుపుతాను. రోజంతా చెవుల్లో మిషన్ల రొదే. ఇంటికొచ్చి మంచి సిస్టంలో నా రెండో చరణం ఒక్కసారి వినాలని ఎన్నాళ్లుగానో ఉండేది.

పోయిన ఏడాది ధైర్యం చేసి బెంగళూరు నుంచి పెద్ద స్పీకర్లు తెప్పించాను. పెళ్లినాటి పాత స్పీకరు పెట్టెల్లో పాటంతా దుప్పటి కప్పుకుని వినబడేది. కొత్తవాటికి అడుగడుగునా అలకే. గ్రానైట్ నేల మీద పెడితే తబలా మోత గదంతా తిరుగుతుందట, తివాచీ పరచాలి. కిటికీలకు మందం కర్టెన్లు వెయ్యాలి, అదీ బళ్లారి ఎండలో! దివాన్ వరండాలోకి పోయింది. రోడ్డు మీది ఎర్రదుమ్ము వాటి మీద పడితే తుడవకూడదు, ఊదాలి. అమ్మినవాడికి ఫోన్ చేస్తే “కాస్త పక్కకు తిప్పండి సార్” అంటాడు. స్పీకర్లను తెచ్చుకున్నానో కొత్తల్లుణ్ణి తెచ్చుకున్నానో తెలియలేదు.

మేష్ట్రు ఒక్కసారే విన్నారు. సోఫా అంచున కూర్చుంటే ఎవరో ఒంటరిగా పాడిన కీర్తన వేశాను. తల పక్కకు వంచి విని, “ఆయప్ప ఊపిరి తీసుకొనేది గూడా వినపడతాండాదే!” అన్నారు.

“అదే మేష్ట్రే! దీంట్లో ఏదీ దాగదు. మన క్రిస్మస్ క్యాసెట్ తెండి, ఇద్దరం కలిసి విందాం.”

ఆయన లవంగాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకున్నారు. “అన్నీ వినపడి ఏం చేసుకొంటామప్పా, పాట వినపడితే సాలు” అని టీ తాగి వెళ్లిపోయారు. నాకు మనసు చివుక్కుమంది. అంత మంచి స్పీకర్లు పెడితే ఇదా మాట?

అక్కణ్ణుంచి సాకులు మొదలయ్యాయి. “ఆదివారం తెస్తా.” “మర్చిపోతినప్పా.” “బీరువా తాళం యాడ పెట్టినానో.” నాలుగు గొంతుల పాటను కాగితం చూడకుండా నేర్పే మనిషికి ఒక్క క్యాసెట్ గుర్తుండదా? చివరికి చర్చి గేటు దగ్గర అనేశాను: “నా స్పీకర్లంటే మీకు గిట్టదు, అంతే గదా?” ఆయన నవ్వి, “సుమ్నే ఎందుకప్పా బేజారు, ఊరికే మనసులో పెట్టుకోవాకు” అని నా మోచేయి నొక్కి వెళ్లారు. అదే మా చివరి మాట. ఆ రోజు నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

మూడో రోజు ప్రార్థన అయ్యాక వాళ్లావిడ క్యాసెట్ నా చేతిలో పెట్టింది. “నీకిద్దామని ఎన్నిసార్లో బయటికి తీసినారప్పా, మల్లా లోపల పెట్టినారు. ఎందుకని అడిగితే చెప్పల్యా.”

మధ్యాహ్నం ఇంటికొచ్చి క్యాసెట్ వేశాను. చర్చి ఫ్యాను కిచకిచ, కుర్చీ జరిపిన చప్పుడు, అన్నీ విడివిడిగా వినబడ్డాయి. రెండో చరణం వచ్చింది. మూడో పంక్తిలో పాట పైకి వెళ్లింది. నేను వెళ్లలేదు. నా గొంతు శ్రుతి కింద జీరాడుతూ ఉంది. దాని పక్కనే, మూసిన పెదవుల వెనక నుంచి సన్నగా ఇంకో గొంతు. అది సరైన స్వరం మీద నిలబడి, నేను అందుకునేదాకా కదల్లేదు. పాత టేప్‌రికార్డర్లో ఆ రెండూ కలిసి ఒక్క మంచి గొంతుగా వినబడేవి. ఆ గొంతు నాదనుకున్నాను.

వంటింటి గడపలో చిక్కుడుకాయలు వలుస్తున్న నా భార్య తలెత్తలేదు. “నీకు తెలుసా?” అన్నాను.

“ఆడోళ్ల వరుసలో అందరికీ తెలుసు. మేష్ట్రు మిమ్మల్ని పక్కన నిలబెట్టుకొనేది ఇంకెందుకనుకొంటిరి?”

మళ్లీ ఆయన మీదే కోపమొచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే దిద్దుకునేవాణ్ణి కదా! కాదు, ఆ రోజే క్వయిరు మానేసేవాణ్ణి. నా సంగతి ఆయనకు తెలుసు. నాకే ఆయన సంగతి తెలియలేదు.

క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. రెండో చరణానికి ముందు కాస్త ఖాళీ ఉంది. అందులో లవంగం కొరికిన చిన్న చప్పుడు. తర్వాత ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. నేనేననుకున్నాను. నా ఊపిరి దాని వెనక వచ్చింది.