అప్పాజీ ఎవరికీ చూపించని చోట్లు

కాకినాడ రేవులో అప్పాజీని పిసినారి అని ఎవరూ అనరు. అడిగినవాడికి డీజిలు ఇస్తాడు, వల ఇస్తాడు. చేప ఎక్కడ పడిందో మాత్రం చచ్చినా చెప్పడు. ఆ మాటకొస్తే అక్కడ ఎవరూ చెప్పరు గానీ, అప్పాజీది మరీ విడ్డూరం. సొంత తమ్ముడు దొరబాబు పడవ ఎదురొస్తే చేతిలోని జీపీఎస్‌ను లుంగీలో దాచేస్తాడు. ఏ రాళ్ళ దగ్గర వంజరం చేప పడుతుందో, ఎక్కడ వల చిరుగుతుందో ఏళ్ళ తరబడి అందులోనే గుర్తులు పెట్టుకున్నాడు.

ఆ జీపీఎస్ వీపు ఉబ్బింది. లోపల బ్యాటరీ ఉబ్బిందని తెలిస్తే ఇంకొకరైతే పక్కన పెట్టేవారు. అప్పాజీ వల కుట్టే నైలాన్ దారంతో బిగించి కట్టి మళ్ళీ వేటకు పోయాడు. పడవ మీద ఏది ఊడినా ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే. చివరికి తెర కూడా ఒక పక్క లేచేసరికి, సెల్ రిపేరు కొట్టు నడిపే వెంకటదుర్గ దగ్గరికి తెచ్చాడు.

"ఇలా కట్టేశారేంటి బాబాయ్‌గారూ! నొక్కుకుపోతే భగ్గుమంటదండి," అంటూ ఆమె జాగ్రత్తగా దారం తీసేసింది. "పొగ వచ్చిందంటే మొత్తం ఇసుక బకెట్లో పడేస్తాను. ముందే ఇందులో గుర్తుపెట్టుకున్న మీ పాయింట్లు చెప్పండి, రాసిపెడతాను."

అప్పాజీ తెర మీద అరచెయ్యి పెట్టాడు. "వద్దులేమ్మా. అయ్యన్నీ నాకు నోటికొచ్చు."

ఛార్జింగ్ పూర్తిగా దిగాక ఆమె బల్లను కొట్టు బయట వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుంది. మరలు విప్పాక మళ్ళీ ఇనప పనిముట్టు వాడలేదు. బ్యాటరీ తీగ ఊడదీసి, జిగురు మీద స్పిరిటు చుక్కలు వేసి, పల్చటి ప్లాస్టిక్ ముక్కను మెల్లగా కిందికి దూర్చింది. బ్యాటరీ అంటుకునే ముందు వచ్చే తియ్యటి వాసన తగిలింది.

"దూరం జరగండి!"

అప్పాజీ దూరం జరిగి, పాయింట్లు ఒక్కసారి తలుచుకోబోయాడు. ఒక్కటీ రాలేదు. వాళ్ళ నాన్న ఒడ్డు మీది గుర్తులు చూసి చోటు పోల్చుకునేవాడు. ఈయన ఇన్నేళ్ళూ చూసింది ఆ తెరనే. తుఫానులో చిక్కుకున్నప్పుడు కూడా ఆయనకు అంత భయం వెయ్యలేదు.

పొగ రాలేదు. బ్యాటరీ చిల్లు పడకుండా ఊడి వచ్చింది. ఆమె దాన్ని ఇసుకలో పెట్టి కొత్తది వేసింది. తెర వెలిగింది, గుర్తులన్నీ ఉన్నాయి. వెంకటదుర్గ మర్యాదకి మొహం పక్కకు తిప్పుకుంది.

"చూడమ్మా, పర్లేదు," అన్నాడు అప్పాజీ. "మా దొరబాబుకి ఫోన్ కలుపు. వాడి దగ్గర కూడా ఉండాలి ఇయ్యి."

తెర చూసి అంకెలన్నీ వరసగా చదివాడు. దొరబాబు ఆఖరిదాకా విన్నాడు.

"అయ్యన్నీ నాకు తెలుసు అన్నయ్యా. నీ పడవ వెనకాలేగా నేను పని నేర్చుకుంది."

"మరి ఎప్పుడూ అక్కడ వల వెయ్యలేదేంట్రా?"

"నీ చోట్లు కదా అని."