పెద్దక్క తన ఒంటిని తిట్టనివ్వలేదు

పెద్దక్క నిన్న నర్సాపురంలో కన్నుమూసిందని ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. "చివరిదాకా డాక్టర్లతో వాదిస్తూనే ఉందండి, ఆంటీ" అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది నాకు.

సౌదీలో, దమ్మామ్ ఆసుపత్రిలో మా వార్డుకి ఆమె ఇన్‌చార్జి సిస్టర్. గోదావరి జిల్లాల నర్సులందరికీ పెద్దక్క. వెంట ఉంచుకున్న కుటుంబాల మీద సర్కారు నెలనెలా లెవీ వేశాక భర్తనీ కూతుర్నీ ఊరికి పంపేసి, మాతోపాటు హాస్టల్లో చేరింది. ఉద్యోగాల్లో సౌదీవాళ్ళకే ముందు చోటివ్వాలనే నితాకత్ రూలు వల్ల ఎవరి కాంట్రాక్టు ఎప్పుడు ఆగుతుందో తెలియని రోజులవి. సరిగ్గా అప్పుడే, దగ్గు తగ్గడం లేదని తీయించుకున్న స్కాన్‌లో ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనబడింది. క్యాన్సర్, మొదటి దశ.

ఆఫీసువాళ్ళు జాలిగానే ఫైనల్ ఎగ్జిట్ మాట, అంటే వీసా ముగించి ఊరికి పంపేసే మాట, ఎత్తారు. పెద్దక్క నన్ను వెంటబెట్టుకుని నేరుగా మేనేజర్ గదికి వెళ్ళింది.

"సార్, జబ్బింకా మొదట్లో ఉంది. మీరు ఎగ్జిట్ కొట్టి, నేను ఊరెళ్ళి, మళ్ళీ పరీక్షలు మొదలెట్టేసరికి మొదట్లో ఉండదు. ఆపరేషన్ ఇక్కడే చేయించండి. ఆ తర్వాత పని చెయ్యలేకపోతే నేనే వెళ్ళిపోతాను."

సర్జన్ ఆమె పక్షాన నిలబడ్డాడు. ఆపరేషన్ అయింది.

ఆమెకు ఒళ్ళు మండించినవి పరామర్శలు. "నీలో రోగనిరోధక శక్తి చచ్చిపోయింది, అందుకే వచ్చింది" అని వచ్చినవాళ్ళందరూ తీర్పు చెప్పిపోయేవారు. ఒకరోజు, తీసేసిన గడ్డలో చిన్న ముక్క పరిశోధనకు ఇస్తారా అని డాక్టరమ్మ అడిగింది. అందులో ఏం వెతుకుతారంది పెద్దక్క.

"రక్తనాళాల లోపలి పొరలో ఉండే కణాల్ని. రక్తంలో తిరిగే రోగనిరోధక కణాలు గడ్డలోకి దిగాలంటే ఆ పొర పట్టు ఇవ్వాలి. క్యాన్సర్ మొదట్లోనే ఆ పొర తీరు మారిపోతుందేమో, కణాల్ని రానివ్వదేమో, వచ్చినవాటి జోరునీ తగ్గిస్తుందేమో అని చూస్తున్నాం. మీ విషయంలో ఏం జరిగిందో ఇప్పుడే చెప్పలేను."

పెద్దక్క మంచం మీద లేచి కూర్చుంది. "అయితే నా ఒంట్లోవాళ్ళు చేతకానివాళ్ళని ఎవరూ తేల్చలేదు కదండీ! దారి దొరక్క ఆగిపోయారేమో. తీసుకోండమ్మా, ముక్కేం ఖర్మ, మొత్తం తీసుకోండి."

ఆ సాయంత్రం ఎవరో మళ్ళీ అదే పాట ఎత్తుకుంటే, "నా శక్తినేం అనకండి. తెలీనిదాన్ని తెలీదనండి" అని నోరు మూయించింది.

తర్వాత చాలాకాలం డ్యూటీ చేసింది. వార్డులో ఏ రోగి "నా ఒళ్ళే నన్ను మోసం చేసింది సిస్టర్" అన్నా ఊరుకునేది కాదు, కుర్చీ లాక్కుని కూర్చుని నాళాల సంగతంతా చెప్పేది. ఇప్పుడా పని నేను చేస్తున్నాను, ఆమె అంత గట్టిగా కాకపోయినా.

జబ్బు తిరగబెట్టాక ఎగ్జిట్ తనే అడిగింది, కూతురి దగ్గర ఉండాలని. వెళ్ళేముందు మమ్మల్ని సముద్రపొడ్డు రోడ్డు కార్నిష్‌కి లాక్కెళ్ళింది. సముద్రపు గాలి ఎదురు కొడుతోంది. మేం వెనకబడ్డాం. ఆమె ఆగి, వెనక్కి తిరిగి, "ఏంటర్రా, నాకున్నపాటి ఊపిరి కూడా లేదా మీకు?" అని అరిచింది. గాలికి ఆమె వేసుకున్న నల్లటి అబాయా తెరచాపలా ఉబ్బింది. మేం అందుకునేలోపే మళ్ళీ ముందుకు నడిచింది.