ఫిర్యాదు చేసినవాడి పేరు

మావారి ఫిర్యాదు మూసేశారు. ప్రభుత్వం దృష్టిలో అది పరిష్కారమైన వ్యవహారం. మూసినదాన్ని మళ్ళీ ఎవరూ తెరవరు కాబట్టి, ఏం జరిగిందో నేనైనా రాసి ఉంచాలి.

నేను ఇంటర్‌తో చదువు ఆపేశాను. ఢిల్లీ బేర్ సరాయ్‌లో గదులు తీసుకుని చదువుకునే మన తెలుగు పిల్లలకు భోజనం క్యారేజీలు పంపాక, మధ్యాహ్నాలు లైబ్రరీలో కూర్చునేదాన్ని. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడా చదివాను. ఆ చదువంటే నాకు గర్వమే. మావారు విమానాలు బాగుచేసే కంపెనీలో టెక్నీషియన్. లైసెన్సు వస్తే తన సంతకంతోనే విమానాన్ని ఎగరడానికి పంపవచ్చు. పరీక్షలన్నీ ప్యాసయ్యారు. కంపెనీ ఇవ్వాల్సిన అనుభవ పత్రం ఒక్కటే మిగిలింది.

ఆ రోజుల్లోనే ఆయన అన్నం సగంలో వదిలేసి లేవడం మొదలుపెట్టారు. అడిగితే చెప్పారు. విమానం లోపల గాలి పీడనం సరిచూసే పరికరాలు రెండుంటాయి. ఒకటి పాడైతే, రెండోదానితో కొద్దిరోజులు నడపడానికి నియమం ఒప్పుకుంటుంది. గడువులోపల కొత్తది వేయాలి. వీళ్ళు కొత్తది కొనలేదు. గడువు దగ్గరపడగానే పాడైనదాన్ని ఇంకో విమానంలో పెట్టి, అందులోని మంచిదాన్ని ఇందులోకి తెచ్చేవారు. గడువు మళ్ళీ మొదటినుంచి మొదలయ్యేది.

“అద్దెకున్నవాడు ఇళ్ళు మారినట్టు తిరుగుతోంది,” అన్నారు.

“రెండోది కూడా గాల్లో ఆగిపోతే?” అన్నాను. ఆయన చెయ్యి కడుక్కున్నారు.

విమానాల భద్రత చూసే ప్రభుత్వ ఆఫీసుకు ఆయనే ఫిర్యాదు పంపారు. పేరు లేకపోతే పట్టించుకోరని పేరు కూడా రాశారు. చెప్పినవాడి పేరు బయటపెట్టకూడదని వాళ్ళ నియమాల్లోనే ఉంది.

తనిఖీకి ఎవరైనా వస్తారని చూశాం. ఎవరూ రాలేదు. ఒక ఉదయం మేనేజర్ ఆయన్ని పిలిచి కంప్యూటర్ తెర ఆయనవైపు తిప్పాడట. తెర మీద ఆయన ఫిర్యాదే, పేరుతో సహా. పైన ఒక వాక్యం: తగు చర్య నిమిత్తం పంపడమైనది.

“హమ్‌సే కహ్ దేతే, భయ్యా,” మాతోనే చెప్పాల్సింది కదా అని, మేనేజర్ టీ కూడా ఇప్పించాడు. మర్నాటినుంచి ఆయన్ని స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. స్టోర్స్ పని లైసెన్సుకు అనుభవం కింద రాదు.

నేను ఊరుకోలేక, ఆ నియమం ఉన్న పేజీ జిరాక్సు తీయించుకుని ఆ ఆఫీసుకు వెళ్ళాను. నా హిందీ వినగానే అక్కడి అధికారి తెలుగులోకి మారాడు. ఏ ఊరని అడిగాడు. గుంటూరు వైపని చెప్పాను. జిరాక్సు చదివి, నియమం అదేనని ఒప్పుకున్నాడు.

“మరి ఆయన పేరు వాళ్ళకెందుకు పంపారండీ?”

“కంపెనీ వివరణ అడగాలి కదమ్మా. వచ్చింది వచ్చినట్టు ముందుకు తోసేస్తాం, అలవాటు. పేరు తీసేయాలని ఎవరికీ తట్టలేదు.”

“ఎవరైనా వెళ్ళి చూడొచ్చుగా?”

“ఎవర్ని పంపను? ఆ కుర్చీలు చూడండి.”

చూశాను. సగం ఖాళీ. ఉన్నవాళ్ళు వెళ్ళినా ముందుగా కబురుపెట్టే వెళ్తారని కూడా అతనే చెప్పాడు.

“మా వైపు కోళ్ళు పోతే నక్కని వివరణ అడగరండీ,” అన్నాను.

అతను నవ్వలేదు. కంపెనీ జవాబు చదివి వినిపించాడు. ఏ విమానంలోనూ గడువు దాటలేదట. కాగితం మీద అది నిజమే. వివరణ సంతృప్తికరంగా ఉందని రాసి మూసేశారు. వేరే కంపెనీ చూసుకోమని మావారికి చెప్పమన్నాడు.

పాత కంపెనీ అనుభవ పత్రం ఇవ్వలేదు. అది లేకుండా వేరే కంపెనీ తీసుకోలేదు. ఇప్పుడాయన గురుగ్రామ్‌లో అపార్ట్‌మెంట్ల లిఫ్టులు బాగుచేస్తున్నారు. వసంత్ కుంజ్ మీదుగా విమానం దిగుతుంటే తలెత్తి, రెక్క కింద రాసి ఉండే ఆ విమానం గుర్తింపు అక్షరాలు చదువుతారు. ఏ విమానమని నేను అడగను.

నియమాల పుస్తకం వెతికి ఇచ్చిన లైబ్రరీ దీదీకి, ఆ పరికరం ఇంకా తిరుగుతూనే ఉందని ఫోన్ చేసి చెప్పే, ఆ కంపెనీలోనే ఉన్న మావారి స్నేహితుడికి, ఉన్నమాట నా ముందు ఒప్పుకున్న ఆ అధికారికి రుణపడి ఉన్నాను. పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం మర్యాద. వాళ్ళ పేర్లన్నీ నాకు తెలుసు. రాయను.