మగ్గం పక్కన పడిన రాయి: కడప నుంచి కోయిలకుంట్ల దాకా

ఈ ప్రయాణానికి కారణం నా చేతిదురద. కోయిలకుంట్ల అవతల ఒక పల్లెలో నేతగాడి ఇంట్లో ఆకాశం నుంచి రాయి పడిందని విని, చూడకుండానే ఇదే పత్రికలో ‘నేతగాడి ఇంట రాలిన నక్షత్రం’ అని వ్యాసం రాశాను. కడపలో పిల్లలకు భూగోళం చెప్పే అయ్యవారిని. నక్షత్రాలు రాలవని నాకు తెలుసు. కానీ ‘రాయి పడింది’ అని రాస్తే ఎవరు చదువుతారు? నా ఎత్తు పారింది. ఆ ఊరికి దారేదని, చుక్కల్లో మనుషులుంటారా అని ఉత్తరాలే ఉత్తరాలు. సరే, నేనే చూసొచ్చి దారి రాద్దామని రెండు నెలల తర్వాత బయలుదేరాను.

కడపలో పొద్దున ఆరింటికి బొగ్గు బస్సు. యుద్ధం వచ్చాక పెట్రోలు లేదు కాబట్టి వెనక పొయ్యి రాజేసి బండి కదిలేసరికి ఏడైంది. ప్రొద్దుటూరు దగ్గర పెన్న ఇసుకలో అందరం దిగి నడిచాం. జమ్మలమడుగులో బస్సు మారాలి. కోయిలకుంట్ల దాకా మొత్తం రూపాయిన్నర అయింది. దారంతా ఆ రాయి గురించే మాటలు. “తెల్లోళ్ళ ఇమానం నుంచి పడిండాది, ఇంగేం కాదు” అన్నాడు డ్రైవరు. “దేవుడు నిలబెట్టిన చుక్కల్ని ఎవురప్పా పడేసేది?” అన్నాడు బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకున్న ఒక రైతు. ఆకాశంలో తిరిగే రాళ్ళ సంగతి నేను చెప్పబోతే, “నువ్వు పైకి పోయి చూసొచ్చినావా?” అని అందరూ నవ్వారు. ఒళ్ళు మండింది. చదువు లేని జనం అనుకుని మూతి ముడుచుకుని కూర్చున్నాను.

రెండింటికి కోయిలకుంట్లలో దిగి, ఎనిమిది అణాలకు ఖాసిం సాబ్ జట్కా మాట్లాడుకున్నాను. నల్లరేగడి దారిలో గంటన్నర ప్రయాణం. “సూడను శానామంది వస్తాండారు సామీ. ఆ ఇంటామె ముందర మాత్రం చుక్క అనొద్దు. ఊరి పెద్దరెడ్డి ఆ ఇల్లు పాడుపెట్టించినాడు” అన్నాడు. చెడ్డ గడియలో ఎవరైనా చనిపోతే ఆ ఇంటిని ఆరు నెలలు మూసి, వాకిట ముళ్ళకంప వేయడం మనవైపు ఆచారమే. “మరి ఆ ఇంట్లో ఎవరూ చావలేదే?” అన్నాను. “చుక్క సచ్చింది గదా సామీ, ఇంటి నడిమధ్య!” అన్నాడు. ఇంత మూఢత్వమా అని అరికాలి మంట నెత్తికెక్కింది.

మట్టిమిద్దె. తలుపుకు తాళం, గడపకు అడ్డంగా తుమ్మకంప. ఎదురుగా పశువుల కొట్టం ముందు నేతగాడి భార్య ఓబులమ్మ కూర్చుని ఉంది. మొగుడు కూలికి పోయాడట. “మగ్గం యాడికన్నా మోసకపోయేదా అయ్యా? గుంట తవ్వి పాతిండేది. నేసేది సగంలో ఉండాది. పడుగుకు గంజి పెట్టినాం గదా, ఎలకలు కొరుకుతాండాయి. ఈడ కూసుంటే ఇనపడతాది” అంది. నేను చెవి పెట్టాను. నిజంగానే వినబడింది.

ఇంట్లోకి పోకూడదు గానీ మిద్దె ఎక్కకూడదని ఎవరూ అనలేదు. ఆమె నిచ్చెన వేసింది. వెలుతురు కోసం కప్పులో వదిలే గవాక్షం పక్కన బోర్లా పడుకుని లోపలికి చూశాను. ఆ రాయి ఈ కంతలోంచే పడిందట. మగ్గం గుంట పక్కనే ఉంది, సగం కొబ్బరికాయంత, కాలిన పెనంలా నల్లగా. దానికోసమే ఇంతదూరం వచ్చాను. కానీ నా కళ్ళు పడుగు మీదే ఆగిపోయాయి. సగం పోగులు తెగి గుంటలోకి వేలాడుతున్నాయి.

కిందికి దిగి నేరుగా ఊరి పెద్దరెడ్డి అరుగు మీదికి పోయాను. “ఎవరు చెప్పారండీ మీకు చుక్క చచ్చిందని? బుద్ధుందా?” అని అరిచాను. ఆయన కోప్పడలేదు. లోపలికి పోయి నాలుగు మడతల కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. “మేమూ ముందర రాయే అనుకున్నాం అప్పా. పిల్లోల్లు దాంతో ఆడుకున్నారు గూడా. ఇది వచ్చినాకే తెలిసింది. చదువుకున్న అయ్యవారు, కడపాయన రాసిండాడు. సూడు.”

అది నా వ్యాసం. ‘నక్షత్రం ప్రాణం విడిచిన ఆ పుణ్యగృహం’ అన్న వాక్యం కింద ఎవరో బొగ్గుతో గీత గీశారు. ఆ వాక్యం రాసినప్పుడు ఎంత మురిసిపోయానో నాకింకా గుర్తే.

“అది రాసింది నేనే. తప్పు రాశాను” అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “నోటితో ఎవురైనా అంటారు. అచ్చులో అబద్ధం ఉంటాదా? తప్పయితే అచ్చులోనే రాయి. ఆ పొద్దు నేనే కంప తీసేస్తా” అన్నాడు. ఓబులమ్మ దూరంగా నిలబడి అంతా విని, మళ్ళీ కొట్టం ముందుకే పోయి కూర్చుంది.

తిరుగు దారిలో బస్సులో మళ్ళీ అదే వాదన. పోయేటప్పుడు ఇలా వాదించినవాళ్ళందరినీ చదువు లేనివాళ్ళని తిట్టుకున్నాను. వాళ్ళ మాటలకు ఎవరి తలుపూ మూతపడలేదు. చదువుకున్న నా రాతకు పడింది. తెలిసి తెలిసీ నాలుగు మెప్పుల కోసం రాశాను. ఈ కోపం నామీద నాకే, ఇప్పట్లో చల్లారేది కాదు. కాబట్టి అచ్చులోనే రాస్తున్నాను: ఆ ఇంట్లో పడింది నక్షత్రం కాదు, రాయి. ఏదీ చావలేదు. ఆ ఇంటికి ఏ దోషమూ లేదు. నేను రాసింది అబద్ధం.

వెళ్ళేవారికి ఒక్క సూచన. ఈ పత్రిక ఆ ఊరికి వారాల ఆలస్యంగా చేరుతుంది, ఎలకలు అన్నాళ్ళు ఆగవు. ఈ పేజీ చింపి జేబులో పెట్టుకోండి. రాయి చూడబోయే ముందు పెద్దరెడ్డి అరుగు మీద నిలబడి, నాలుగిళ్ళకు వినబడేలా పైపేరా గట్టిగా చదవండి.