చిన్నమ్మ వాకిట్లో నల్లా గుంత

పోయిన నెల మా చిన్నమ్మ దవాఖానలో రెండు సెలైన్లు ఎక్కించుకొని ఇంటికి వచ్చిన రోజు నాకు ఫోన్ చేసింది. వాళ్ల వాడలో నాలుగైదు ఇళ్లలో వాంతులు, విరేచనాలు. నల్లా నీళ్లు పాడయ్యాయని తేల్చుకొని వాడంతా మళ్లీ పాత చేతిపంపు నీళ్లు తాగడం మొదలుపెట్టారట. నాకు భయం పుట్టించింది ఆ రెండో మాటే. నేను హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ చేతిపంపు నీళ్లను ఒకసారి సీసాలో తెచ్చి పరీక్షించాను. ఫ్లోరైడ్ ఎక్కువ. అది కాచినా పోదు. ఆ నీళ్లే తాగి పెరిగిన చిన్నాయనకు పళ్ల మీద గోధుమరంగు చారలు, ఇప్పుడు మోకాళ్లు వంగవు. నల్లా నీళ్లలో లోపం ఎక్కడుందో దొరికితే సరిచేయొచ్చు, చేతిపంపును మాత్రం ఎవరూ సరిచేయలేరు. అందుకే బయలుదేరాను.

శనివారం పన్నెండున్నరకు హనుమకొండ బస్టాండులో జనగామ వైపు పోయే బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. గంటన్నరలోపే రఘునాథపల్లిలో దిగి, హైవే పక్కన షేర్ ఆటో పట్టుకున్నాను. మనిషికి ముప్పై రూపాయలు. ఆటో నిండితేనే కదులుతుంది కాబట్టి ఇంకో ఇరవై నిమిషాలు చేతిలో పెట్టుకోండి. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడి నీళ్లు చెడ్డవన్న పేరు మిగిలిపోతుంది, అది నిజం కాదు. డ్రైవర్ ఆ ఊరివాడే. నేను ఎవరింటికి పోతున్నానో తెలిశాక, వాటర్‌మన్ సమ్మయ్య ట్యాంకిలో క్లోరిన్ మందు కలపట్లేదని, సోమవారం వాడవాళ్లంతా పంచాయతీకి పోయి అతన్ని పనిలోంచి తీసేయమని అడుగుతారని చెప్పాడు. "అందరికన్న మీ చిన్నమ్మనే గట్టిగ మాట్లాడుతాంది అక్కా" అన్నాడు.

ఇల్లు చేరేసరికి మూడు కావొస్తోంది. చిన్నమ్మ ముఖం పీక్కుపోయి ఉంది గానీ గొంతు తగ్గలేదు. అన్నం పెడుతూనే సమ్మయ్యను తిట్టింది. నేను అడ్డు చెప్పలేదు. నాలుగింటికి ట్యాంకి దగ్గరికి పోయాను. సమ్మయ్య యాభై దాటిన మనిషి. సంచిలోంచి నేను గాజు గొట్టాలు తీయడం చూసి నన్ను ఆఫీసరు అనుకున్నాడు, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఎవరింటి మనిషినో చెప్పాక ఇంకా బిగుసుకుపోయాడు. ట్యాంకి నీళ్లు గొట్టంలో పోసి క్లోరిన్ ఉందో లేదో చూపే మందు రెండు చుక్కలు వేశాను. పసుపు రంగు వచ్చింది. అంటే క్లోరిన్ ఉంది, సరిపడా ఉంది. ఆ మాట చెబితే ఆయన కట్టుకున్న చేతులు విప్పాడు. తర్వాత మెల్లగా, "పదకొండేండ్ల సంది ఏస్తాన్న మేడం. ఒక్కలన్న వచ్చి చూసినోళ్లు లేరు" అన్నాడు.

నాలుగున్నరకు వాల్వు తిప్పాడు. మొదటి ఇంట్లో పసుపు రంగు, వాడ మధ్యలో లేత పసుపు. చివరి ఇల్లు చిన్నమ్మది. అక్కడ నీళ్లు నీళ్లలాగే ఉండిపోయాయి, రంగు లేదు, అంటే క్లోరిన్ మిగల్లేదు. మూడు చోట్ల నీళ్లనూ బ్యాక్టీరియా పరీక్ష బుడ్లలో నింపి పేర్లు రాసి పెట్టుకున్నాను.

చివరి ఇళ్లకు నీళ్ల జోరు తక్కువ. అందుకని అక్కడి ఐదిళ్లవాళ్లు వాకిట్లో మోకాలి లోతు గుంత తవ్వి, పైపును కిందికి కోసి, బిందె గుంతలోనే పెట్టి పట్టుకుంటున్నారు. పైపుకు మూత కూడా లేదు. అంట్లు తోమిన నీళ్లు, బర్రెను కడిగిన నీళ్లు ఆ గుంతలోకే పారి నిలుస్తున్నాయి. అయిదింటికి సమ్మయ్య వాల్వు మూసే ముందు, చిన్నమ్మను గుంత పక్కన నా దగ్గర కూర్చోమన్నాను. పైపులో నీళ్లు ఆగాయి. ఒక్క నిమిషం తర్వాత గుడగుడమని చప్పుడొచ్చింది. గుంతలోని మురికినీళ్లను ఖాళీ అయిన పైపు మా కళ్ల ముందే లోపలికి పీల్చుకుంది. రేపు మొదటి బిందెలో వచ్చేవి అవే. చిన్నమ్మ ఆ రోజు ఇంక సమ్మయ్య పేరెత్తలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి చిన్నమ్మ ఇంటి బుడ్డి నల్లగా మారింది. మురికి చేరిందనడానికి గుర్తు అది. తతిమ్మా రెండూ మారలేదు. ఆ బుడ్డిని వాడవాళ్లకు ఎలా చూపాలా, అందరిలో చిన్నమ్మ పరువు పోకుండా ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఈలోగా ఆమే మూడు బుడ్లూ పళ్లెంలో పెట్టుకొని బయటికి నడిచింది. వాడవాళ్లను పిలిచి, సమ్మయ్యను కూడా పిలిపించింది. "తప్పు ట్యాంకిది గాదు, నా గుంతది. నేను రోగం తెచ్చుకొని ఈయన నోటికాడి బుక్క గుంజబోయిన" అంది. కొందరు తలలు దించుకున్నారు. గుంతలు పూడిస్తే నీళ్లెట్ల వస్తయని ఒకామె అడిగింది. అది న్యాయమైన ప్రశ్నే. చివరి ఐదిళ్లకు వేరే వాల్వు ఉందని, మిగతావి ఆపి వాటికే ఇరవై నిమిషాలు ఇస్తానని సమ్మయ్య చెప్పాడు. "నేనే జర తెల్లారగట్ల లేవాలె గంతే, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. సాయంత్రం నేను ఆటో ఎక్కేటప్పటికి చిన్నాయన కుర్చీలో కూర్చొని, గుంతలో మట్టి ఎక్కడెక్కడ పొయ్యాలో చెబుతున్నాడు.

మూడు వారాల తర్వాత మళ్లీ పోయాను. పైపులు నేలకు మూరెడు ఎత్తుకు లేచాయి, అన్నింటికీ నల్లాలు బిగించారు. చివరి ఇంట్లో కూడా చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చింది, మర్నాటికి బుడ్డి కూడా మారలేదు. అప్పటిదాకా కాచి తాగిన ఆ నీళ్లను అప్పుడు అందరం కాచకుండానే తాగాం, చేతిపంపు వైపు ఇంకెవరూ పోవట్లేదు. పల్లె నీళ్లంటే పెదవి విరిచేవాళ్లకు నేను ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను, చాలాచోట్ల నీళ్లు ట్యాంకి దాకా మంచిగానే వస్తాయి. అక్కడి నుంచి మన వాకిలి దాకా వాటిని కాపాడుకోవలసింది మనమే. నాకు పరీక్ష చేయడం తెలుసు, అంతవరకే. తన తప్పును నలుగురిలో పళ్లెంలో పెట్టి చూపించే ధైర్యం మాత్రం ఆ రోజు చిన్నమ్మ దగ్గర చూశాను.

మీరూ మీ ఊరి నీళ్లు చూడాలనుకుంటే ట్యాంకి దగ్గరే ఆగిపోకండి. చివరి ఇంటి నల్లా దగ్గర, నీళ్లు ఆగిపోయాక ఐదు నిమిషాలు కూర్చొని చూడండి.